మహారాజశ్రీ సెలైన్ బాటిల్ గారికి

మహారాజశ్రీ సెలైన్ బాటిల్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మా ఊళ్లలో తమకున్న పలుకుబడి ఎమ్మెల్యేకు కూడా లేదు. జ్వరమొస్తే తమరు, ఎండదెబ్బకు తమరు, పెళ్లి పనులతో ఒళ్లు హూనమైతే తమరు, కోడలితో మాటపట్టింపు వచ్చి రెండు పూటలు అన్నం మానేసినా తమరే. ఆర్‌ఎంపీ దగ్గర కూర్చున్న మనిషి రోగం చెప్పకముందే మందు చెప్పేస్తాడు: "నీరసంగా ఉంది డాక్టరుగారూ, ఒక సెలైన్ పెట్టెయ్యండి." మాత్రలిచ్చి పంపేవాడికి హస్తవాసి లేదంటారు. బాటిల్ వేలాడదీసినవాడే డాక్టరు. స్టాండు లేకపోతే కిటికీ ఊచ, అదీ లేకపోతే క్యాలెండర్ మేకు, విషజ్వరాల సీజన్లో రద్దీ ఎక్కువైతే వేపకొమ్మ. చూడ్డానికొచ్చిన చుట్టాలు మొదట అడిగేది "ఎన్ని ఎక్కించారు?" అనే. ఒకటంటే పెదవి విరుస్తారు. మూడంటే మర్నాడు బత్తాయిలతో వస్తారు.

ఇంతటి మహానుభావుల్లో ఏముందా అని తమరి లేబుల్ చదివాను. సోడియం క్లోరైడ్ 0.9 శాతం. అంటే అర లీటరు నీళ్లలో నాలుగున్నర గ్రాముల ఉప్పు. అంతే. బలం అన్న మాట ఎంత వెతికినా కనిపించలేదు.

అయితే ఆ 0.9 ఆషామాషీ అంకె కాదు, ఆ మేరకు తమకు దండం పెట్టాల్సిందే. మా ఎర్ర రక్తకణానికి గోడ లేదు, ఉన్నది పల్చటి పొర. ఆ పొర నీళ్లను ఇట్టే వదులుతుంది, ఉప్పును మాత్రం గుమ్మం దగ్గరే ఆపుతుంది. ఇక నీళ్ల స్వభావం తెలిసిందే, ఎటువైపు చిక్కగా ఉంటే అటు నడుస్తాయి. బళ్లో ద్రవాభిసరణ అని బట్టీ పట్టి, పరీక్ష అయిన సాయంత్రమే మర్చిపోయింది ఇదే. ఆ కణాన్ని డిస్టిల్డ్ వాటర్లో వేస్తే నీళ్లు లోపలికి తోసుకొస్తాయి. కణం ఉబ్బుతుంది, ఇంకా ఉబ్బుతుంది, చివరికి టప్పున పగిలిపోతుంది. అలా కణాలన్నీ పగిలాక, అంతవరకూ మసకగా ఉన్న పరీక్షనాళికలోని ద్రవం వెనకాల పెట్టిన అక్షరాలు కనపడేంత తేటగా, ఎర్రగా మిగులుతుంది. అదే కణాన్ని 3 శాతం ఉప్పునీళ్లలో వేస్తే కథ తిరగబడుతుంది. మాగాయకు ఉప్పూ పసుపూ పట్టించిన మామిడి ముక్కలు మూడో రోజుకు ఊటంతా జాడీలో వదిలేసి ముడుచుకున్నట్టు, కణంలోని నీళ్లు బయటికొచ్చేస్తాయి, అంచులన్నీ ముళ్లు ముళ్లుగా లేస్తాయి. 0.9 దగ్గర మాత్రం లోపలికి వెళ్లినన్ని నీళ్లే బయటికి వస్తాయి. కణం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. 1880ల్లో హార్టోగ్ హాంబర్గర్ అనే డచ్చి శాస్త్రవేత్త ఎర్రకణాలను రకరకాల ఉప్పునీళ్లలో వేసి చూసి, తమరి జాతకం రాసిపెట్టాడు.

అంటే ప్రభూ, తమరి ఘనతంతా కణాన్ని ఏమీ చేయకపోవడమే! ఏమీ చేయకుండా ఇంత పేరు సంపాదించడం ఇన్నాళ్లూ రాజకీయాల్లోనే చూశాం.

తమరి తమ్ముడు గ్లూకోజ్ గారి సంగతి మరీ విడ్డూరం. 5 శాతం, అంటే అర లీటరులో పాతిక గ్రాముల చక్కెర. దాంతో వచ్చే శక్తి ఎనభై అయిదు కేలరీలు, మహా అయితే రెండు ఇడ్లీలు. చట్నీ కూడా లేదు. పైగా ఆయన బాటిల్లో ఉన్నంతసేపే పెద్దమనిషి. ఒంట్లోకి దిగాక చక్కెరను శరీరం వాడేసుకుంటుంది, మిగిలేవి ఉత్త నీళ్లు. ఆ నీళ్లు కణాల్లోకి చేరతాయి. ఒకటి రెండు బాటిళ్లయితే మూత్రపిండాలు సర్దుకుంటాయి. అదేపనిగా ఎక్కిస్తే రక్తంలో సోడియం పడిపోయి మెదడు కణాలు ఉబ్బుతాయి. పుర్రెకు సాగే గుణం లేదు కాబట్టి ఆ ఉబ్బు ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక బలం మందు. సిరంజితో బి-కాంప్లెక్స్ పొడవగానే తమరు పసుప్పచ్చగా మారతారే, ఆ క్షణం చూడాలి మావాళ్ల మొహాలు! "ఇప్పుడు ఎక్కుతోంది అసలు మందు" అని అత్తగారు పక్కమంచం వాళ్లకు కూడా చెబుతుంది. ఆ పసుపులో చాలా భాగం కాసేపటికి బాత్రూంలో దర్శనమిస్తుంది.

చుక్కలు నెమ్మదిగా పడుతున్నాయని నర్సు చూడకుండా చక్రం తిప్పే బావమరిది ఒకడు ప్రతి వార్డులోనూ ఉంటాడు. తమరి ఉప్పునీళ్లు కణాల్లోకి పోవు, బయటే ఉంటాయి. ఎక్కించిన దాంట్లో కాసేపటికి రక్తంలో నిలిచేది పావువంతే, మిగతాది కణాల మధ్య సందుల్లో చేరుతుంది. గుండె, కిడ్నీలు బలహీనంగా ఉన్న ముసలాయనకైతే అది కాళ్లవాపుగా, ఊపిరితిత్తుల్లో నీరుగా తేలుతుంది. బావమరిదికి ఇదంతా ఎవరూ చెప్పరు.

నిందలు చాలు. కలరాతో కళ్లు లోతుకుపోయినవాడికి, నెత్తురు ధారకట్టిన యాక్సిడెంటు మనిషికి, డెంగీలో బీపీ పడిపోయినవాడికి తమరు దేవుడే. 1832లో స్కాట్లండులో థామస్ లట్టా కలరా రోగుల నరాల్లోకి ఉప్పునీళ్లు పంపిన నాటి నుంచీ ఆ పుణ్యం తమ ఖాతాలోనే ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో, పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్‌లో, కలరా విరుచుకుపడి తమరి నిల్వలు అయిపోయినప్పుడు మాత్రం దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. పేగు కణం గ్లూకోజునూ సోడియాన్నీ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లు వాటంతటవే నడిచొస్తాయి. అదే ద్రవాభిసరణ, సూది లేకుండా. వేలమంది బతికారు. ఆ డాక్టరు 2022లో పోయాక పద్మవిభూషణ్ వచ్చింది. ఆ ఓఆర్‌ఎస్ ప్యాకెట్టుకు మాత్రం మా ఇళ్లలో ఇప్పటికీ మర్యాద దక్కలేదు. నోట్లో పోసుకునేది కూడా ఒక వైద్యమేనా అంటారు.

పోనీ తాగేవాళ్లయినా సరిగ్గా తాగుతారా అంటే, లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్టును ఒక్క గ్లాసులో గుమ్మరించి, "చిక్కగా ఉంటే బలం ఎక్కువ" అని విరేచనాలతో ఉన్న పిల్లాడి చేత గటగటా తాగిస్తారు. ఆ చిక్కదనం ఒంట్లోని నీళ్లనే పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఎక్కువవుతాయి. వెంటనే పిల్లాణ్ణి భుజాన వేసుకుని తమరి దగ్గరికే పరుగెత్తుకొస్తారు. తమరి వ్యాపారానికి వచ్చిన లోటేమీ లేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ పసుపు నీళ్లు చూసి మురిసిపోని ఒక విధేయుడు