సీసా కంటే ముందు నిమ్మకాయ

1632 సెప్టెంబరులో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న రాబర్ట్ ఆడమ్స్, థామస్ కోలీ అనే వర్తకుడికి ఒక ఉత్తరం రాశాడు. కోలీ అప్పుడు పెటపోలి గిడ్డంగిలో ఉన్నాడు. ఆనాటి పెటపోలి నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. ఆ ఉత్తరంలో పంచ్ తాగడం గురించి ఒక మాట ఉంది. ఇంగ్లిషు రాతల్లో ఆ పానీయం పేరు కనిపించే తొలి చోటు అదేనని చరిత్రకారులు చెబుతారు. మద్యంలో మరికొన్ని వస్తువులు కలిపి చేసే కాక్‌టెయిళ్లకు పూర్వీకురాలైన పంచ్ కాగితం మీదికి ఎక్కింది మన తీరానికి వచ్చిన ఉత్తరంలో అన్నమాట.

పంచ్ అన్న పేరు 'ఐదు' నుంచే పుట్టిందా అన్నదానిపై వాదనలున్నాయి. అయితే 1673లో మచిలీపట్నంలో దిగి మన దేశంలో తిరిగిన ఆంగ్ల వైద్యుడు జాన్ ఫ్రయర్ ఆ అర్థమే చెప్పాడు. సారా, నిమ్మరసం, పంచదార, నీళ్లు, ఏదో ఒక సుగంధ ద్రవ్యం కలిపితే పంచ్. ఈ ఐదింటిలో నాలుగు మన వంటింట్లో ఎప్పుడూ ఉండేవే. ఇంట్లో కాక్‌టెయిళ్లు కలపడం మనది కాని పరాయి సరదా అని కొట్టిపారేసేవారికీ, అదే పెద్ద నాగరికత అని మురిసిపోయేవారికీ నేను మొదట గుర్తుచేసేది ఈ నాలుగు వస్తువులనే.

కరోనా కాలంలో బార్లు మూతపడ్డాక ఈ అభిరుచి చాలా ఇళ్లలోకి వచ్చింది. హైదరాబాద్, విశాఖ అపార్ట్‌మెంట్లలోనూ, అమెరికాలోని తెలుగువాళ్ల ఇళ్ల బేస్‌మెంట్లలోనూ అద్దాల అలమరలు వెలిశాయి. పదిహేను రకాల సీసాలు, పానీయాన్ని కుదిపి కలిపే రాగి రంగు షేకరు, పొడవాటి కాడ గ్లాసులు. అన్నీ కొన్నాక ఏం కలపాలన్న ఆలోచన మొదలవుతుంది. నా అభ్యంతరం అక్కడే. అలమర నిండినకొద్దీ చేతికి పని నేర్పాలన్న పట్టుదల సన్నగిల్లుతుంది. కాక్‌టెయిల్‌లో నేర్చుకోవలసింది పులుపు, తీపి, చల్లదనం, నీళ్లు. మద్యం వాటిని మోసే వాహనం మాత్రమే.

ఇది నా సొంత కల్పన కాదు. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణం నుంచి వెలువడే ఒక పత్రిక కాక్‌టెయిల్ అంటే ఏమిటో పాఠకుడికి వివరించింది. ఏదైనా మద్యం, పంచదార, నీళ్లు, చేదు ద్రావకం కలిపినదే కాక్‌టెయిల్ అంది. అందులో నీళ్లకు మిగిలిన మూడింటితో సమానమైన పీట వేశారు. ఈనాటి ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్ దాదాపు ఆ నిర్వచనమే గ్లాసులోకి దిగినట్టు ఉంటుంది.

తెలుగు ఇంట్లో ఎవరైనా ఒక్క కాక్‌టెయిల్‌తో మొదలుపెట్టాలనుకుంటే నేను డైకిరి పేరు చెబుతాను. క్యూబాలోని శాంటియాగో దగ్గర ఇనుప గనులున్న ఒక చిన్న ఊరి పేరు అది. రమ్ము, నిమ్మరసం, పంచదార, మంచుగడ్డలు తప్ప మరేమీ ఉండవు. అందుకే తప్పు దాచుకోవడానికి చోటుండదు. రమ్ము 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 30, పంచదార ద్రావణం 20. నిమ్మరసం 5 మిల్లీలీటర్లు ఎక్కువైతే పళ్లు పులుస్తాయి, ద్రావణం 5 ఎక్కువైతే షర్బత్ అవుతుంది. కంటి అంచనాతో ఇది కుదరదు. పులుసులో ఉప్పు చేత్తోనే సరిగ్గా వేసే అమ్మమ్మల చేతి నేర్పు మనకు గర్వకారణమే కానీ, ఆ చేతి వెనక యాభై ఏళ్ల సాధన ఉంది. కొత్తగా మొదలుపెట్టేవారికి కొలత గ్లాసే గురువు.

నిమ్మకాయ విషయంలో మనకు గొప్ప సౌకర్యం ఉంది. అమెరికన్ పుస్తకాల్లో లైమ్ అంటే సాధారణంగా పెద్దదిగా, గింజల్లేకుండా, ఆకుపచ్చగా ఉండే కాయ. కరీబియన్ దీవుల పాత పద్ధతిలో వాడేది గింజలుండే పలుచని తోలు చిన్న కాయ. గూడూరు, తెనాలి మార్కెట్లలో బస్తాలకెత్తే మన నిమ్మ ఆ జాతిదే. ఆసియాలో పుట్టి, అరబ్బులు, స్పెయిన్ వాళ్ల చేతుల మీదుగా సముద్రం దాటి అక్కడికి చేరింది. కాబట్టి దిగుమతి కాయ కోసం సూపర్ మార్కెట్లో వెతకనక్కరలేదు. రసం మాత్రం అప్పటికప్పుడు పిండాలి. పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసంతో సాయంత్రం కలిపి చూడండి, తేడా నాలుకే చెబుతుంది. పంచదార ద్రావణానికి సమాన తూకంలో పంచదార, నీళ్లు తీసుకుని కరిగేదాకా వేడిచేస్తే చాలు. తీగపాకం దాకా వెళ్లకూడదు.

ఇక మంచుగడ్డల సంగతి. చాలామంది మంచు ఎక్కువ వేస్తే పానీయం పలచబడిపోతుందని భయపడి రెండు ముక్కలతో సరిపెడతారు. నిజానికి జరిగేది దీనికి వ్యతిరేకం. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే ఒక కేలరీ వేడిని తీసేయాలి. ఒక గ్రాము మంచు కరగాలంటే దానికి 80 కేలరీలు కావాలి, ఆ వేడిని పానీయం నుంచే లాగుతుంది. అంటే చల్లబరిచేది ప్రధానంగా మంచు కరగడమే. కరగకుండా చల్లదనం రాదు, చల్లదనం కోసం కరిగిన ఆ నీరే మద్యం ఘాటును అణచి వాసనలను విప్పుతుంది. షేకరులో మంచు నిండా వేసి పన్నెండు నుంచి పదిహేను సెకన్లు గట్టిగా కుదిపితే, మొదట పోసిన పరిమాణంలో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు చేరతాయి. మద్యం కలిసినందువల్ల పానీయం సున్నా డిగ్రీల కంటే కిందికి కూడా దిగుతుంది. మంచు తక్కువ వేస్తే అది త్వరగా కరిగిపోయి, చల్లదనం చాలక, నీళ్లు మాత్రం మిగులుతాయి. ఇంకో చిన్న మాట. మన ఫ్రీజరులో చేపలు, అల్లం వెల్లుల్లి ముద్ద పక్కనే మంచు ట్రే ఉంటుంది. ఆ వాసనలన్నీ మంచుకు పడతాయి. మూతున్న డబ్బాలో పెట్టడం ఖరీదైన సీసా కొనడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

నిమ్మరసం ఉన్నవాటిని కుదపాలి, మార్టినీ, నెగ్రోనీ వంటి నిమ్మరసం లేనివాటిని గరిటెతో నెమ్మదిగా తిప్పాలి. ఈ రెండో రకంలో వెర్మూత్ వాడతారు. అది మూలికలు వేసిన వైను. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి ఒకటి రెండు నెలల్లో వాడేయాలి. అలమరలో ఏడాదిగా నిలబడిన వెర్మూత్‌తో మార్టినీ కలిపి, అది బాగుండదని తీర్పు చెప్పేవారు చాలామంది. ఓల్డ్ ఫ్యాషన్డ్‌దీ ఇటువంటి కథే. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మే చాలా సీసాల్లో ఉండేది చెరకు మొలాసిస్ (పంచదార తీశాక మిగిలే మడ్డి) నుంచి తీసిన స్పిరిటే. ధాన్యం రుచి మీద నిలబడే పానీయానికి అది ఆధారం కాలేదు. మొలాసిస్‌నే పుట్టిల్లుగా చెప్పుకునే రమ్ము దగ్గర మొదలుపెట్టడమే మన చోట నిజాయితీ గల ఎంపిక అని నా అభిప్రాయం.

కొలత గ్లాసు మరో నిజాన్ని కూడా చూపిస్తుంది. మన దగ్గర అమ్మే సీసాల మీద సాధారణంగా ఆల్కహాల్ 42.8 శాతం అని ఉంటుంది. 60 మిల్లీలీటర్ల రమ్ములో దాదాపు 20 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉన్నట్టు లెక్క. జిన్, కాంపారీ అనే చేదు మద్యం, వెర్మూత్ తలా 30 పోసిన నెగ్రోనీలోనూ ఇంచుమించు అంతే. చూడటానికి చిన్న గ్లాసు, లెక్కకు పెద్ద పెగ్గు. వాహనం నడిపేవారికి మన చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఖాళీ కడుపుతో తాగిన ఒకే ఒక్క డైకిరి ఆ హద్దు దాటించగలదు. పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. తీయగా ఉంది కాబట్టి తేలిక అన్న భ్రమను ఈ అభిరుచి పెంచితే, అది అభిరుచి కాదు, ప్రమాదం. నేను వారానికి ఒక రోజు, ఒక్కటి కలుపుతాను. రెండోది ఎప్పుడూ మొదటి దానంత బాగుండదు, ఎందుకంటే అప్పటికి నాలుక మొద్దుబారుతుంది.

తెలుగులో మద్యం గురించి రాసేటప్పుడు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుకు రాకుండా ఉండదు. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా దుకాణాలకు ఎదురు నిలిచారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. కూలి డబ్బులు సారాకు పోయిన ఇళ్ల బాధ అది. అలమరలో ఖరీదైన సీసా పెట్టుకోగలిగినవాడి సరదాను దాని పక్కన పెట్టి రెండూ ఒకటేననడం సరికాదు, రెండింటికీ సంబంధమే లేదనడం అంతకంటే తప్పు. మన ఇళ్లలో మగవాళ్లు తలుపు వేసుకుని కూర్చుంటే, వంటింట్లో వేపుళ్లు వేయించేది, తెల్లారాక గ్లాసులు కడిగేది ఇప్పటికీ ఆడవాళ్లే. నిమ్మకాయలు కోసి, రసం పిండి, వడగట్టి, చివరికి షేకరు కడిగి బోర్లించేదాకా కలిపేవాడే చేసుకోవాలన్న నియమం పెట్టుకుంటే ఈ అభిరుచికి ఇంట్లో ఉండే హక్కు కొంతైనా వస్తుంది.

తాగని అతిథి వచ్చినప్పుడు ఆ చేతికి అసలు పరీక్ష. అతనికి సీసాలోని కూల్‌డ్రింక్ పోసి, మనం మాత్రం పదిహేను నిమిషాలు మన గ్లాసు మీద శ్రద్ధ పెడితే అది మర్యాద కాదు. రాయలసీమలో వేసవికి తాగే సుగంధి షర్బత్ నా దగ్గర ఎప్పుడూ ఒక సీసా ఉంటుంది. దానికి నిమ్మరసం 20, అల్లం రసం ఒక చెంచా, చిటికెడు ఉప్పు వేసి, మంచుతో అంతే గట్టిగా కుదిపి, వడగట్టి, పైన సోడా పోస్తాను. మొన్న వేసవిలో మా పెద్దత్తయ్య అది తాగి, గ్లాసు కింద పెట్టకుండానే కొలతలు అడిగింది. కాగితం మీద రాసి ఇచ్చాను.