జున్ను గిన్నె దగ్గర పంచాయితీ

మా ఇంట్లో నాలుగు నెలల పొమేరియన్ పిల్ల ఉంది. తెల్లగా ఉందని జున్ను అని పేరు పెట్టాం. గిన్నెలో ప్యాకెట్ ఫుడ్ వేస్తే, ఒక్క పలుకు నోట కరుచుకుని గుమ్మం దగ్గరి పట్టా దాకా వెళ్తుంది. అక్కడ దాన్ని వదిలేసి, డైనింగ్ టేబుల్ వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆ చూపుకి మా నాన్న కరిగిపోతారు. మా ఆవిడ కరగదు. ఆదివారం పొద్దున్న ఇద్దరికీ వాదన పడింది. మధ్యవర్తిగా నన్ను కూర్చోబెట్టారు గానీ, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

నాన్న: చూడమ్మాయ్, రాత్రి కూడా సరిగ్గా తినలేదు. పసిదాన్ని కడుపు మాడుస్తావా? ఇడ్లీ ముక్కకి కాస్త నెయ్యి రాసి పెడితే చటుక్కున తింటుంది.

మా ఆవిడ: అదే కదా మామయ్యా గొడవ! మీరు ఇడ్లీ పెడతారని దానికి తెలుసు, అందుకే గిన్నె ముట్టదు. గిన్నె పెట్టి పదిహేను నిమిషాలు చూద్దాం. తినకపోతే తిట్టకుండా, బతిమాలకుండా తీసేద్దాం. మళ్లీ పూట దాకా ఏమీ వద్దు. ఆకలి రుచెరగదని మీరే అంటారుగా.

నాన్న: అన్నాను. కానీ దానికి ముక్కుంది తల్లీ. నీ పలుకులకి అట్టపెట్టె వాసన. పక్కనే సాంబారు మరుగుతుంటే అవెవరు తింటారు?

మా ఆవిడ: వాసనే కావాలంటే గోరువెచ్చని నీళ్లు పోసి నానబెడదాం, అదే తేలుతుంది. వంటింట్లోవి మాత్రం వద్దు. మొన్న కోడికూర ముక్క పెట్టారు, గుర్తుందా?

నాన్న: కారం పోయేలా కడిగే పెట్టాను.

మా ఆవిడ: కారం పోతుంది, ముక్కకి పట్టిన ఉల్లి, వెల్లుల్లి ఎక్కడికి పోతాయి? అవి కుక్కల రక్తంలో ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. ఇది ఉన్నదే మూడు కిలోలు. ఇక కిస్‌మిస్ అయితే కిడ్నీలకే ఎసరు. పరవాన్నంలోవి ఏరి దీనికే వేస్తున్నారు మీరు.

(నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పరవాన్నం సంగతి నాకూ అప్పుడే తెలిసింది.)

నాన్న: సరే, కిస్‌మిస్ మానేస్తా. కానీ మా ఊళ్లో కుక్కలు గంజి, మజ్జిగన్నం తిని పదేళ్లు పైనే బతికాయి. వాటికి ఏ ప్యాకెట్ తెచ్చారు?

మా ఆవిడ: బతికినవి మీకు గుర్తున్నాయి. పిల్లగా ఉన్నప్పుడే పోయినవాటిని ఎవరు లెక్కపెట్టారు మామయ్యా? ఎదిగే పిల్లకి కాల్షియం, ప్రొటీన్ లెక్క ప్రకారం పడాలి. ఉత్త మజ్జిగన్నంతో ఎముకలు గట్టిపడవు. ఇంటి తిండే పెడదామంటారా, డాక్టర్‌ని అడిగి కొలతలు రాయించుకుని వండుదాం, నాకేం అభ్యంతరం లేదు. మీరు టేబుల్ కింద అందించేది తిండి కాదు, లంచం.

నాన్న: లంచమా! (కాసేపు మాట్లాడలేదు. తర్వాత చొక్కా జేబులోంచి మడతపెట్టిన క్యాలెండర్ కాగితం తీసి విప్పారు.) ఇదేమిటో చెప్పు.

కాగితంలో బియ్యపు గింజంత పన్ను. తెల్లగా, ఒక కొన కాస్త ఎర్రగా. పొద్దున్న పట్టా దులుపుతుంటే దొరికిందట.

నాన్న: పాలపన్ను. నీ పలుకులు దాని చిగుళ్లకి గుచ్చుకుంటున్నాయేమో అని ఒక్కసారైనా నోరు తెరిచి చూశావా?

మా ఆవిడ: (జున్నుని ఒళ్లో పెట్టుకుని పెదవి పైకెత్తి చూసింది. ముందు చిగురు కందిపోయి ఉంది.) నిజమే. ఆరు నెలల దాకా ఈ పళ్ల గోల ఉంటుంది. 28 పాలపళ్లూ ఊడి 42 రావాలి. కానీ మామయ్యా, నిన్న సాయంత్రం మీ జంతిక కరకరలాడించింది. అప్పుడు గుచ్చుకోలేదా?

(దీనికి నాన్న దగ్గర జవాబు లేదు. ఉన్నట్టుండి ప్యాకెట్ అందుకుని వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఫైళ్లు చదివిన మనిషి.)

నాన్న: పూటకి ఎంత వేస్తున్నావు?

మా ఆవిడ: 120 గ్రాములు. దాని మీద ఉన్నట్టే.

నాన్న: 120 అనేది రోజు మొత్తానికమ్మాయ్. నువ్వు మూడు పూటలా వేస్తున్నావు. సగం కూడా తినట్లేదని బాధపడుతున్నావు, మూడో వంతు తింటే దానికి సరిపోయినట్టే కదా!

మా ఆవిడ ప్యాకెట్ లాక్కుని చూసింది. ఆ పట్టిక నేను కూడా చూడలేదు, అందుకే గోడవైపు తిరిగాను. నాన్న పెట్టే ముక్కల విషయంలో మా ఆవిడదే న్యాయమని నా లెక్క. కానీ పది రోజులుగా గిన్నెలో మిగిలింది చూసి మేమిద్దరం పెంచుకున్న టెన్షన్‌కి ఆ పట్టికే కారణం. పోయిన నెల దాన్ని ఎత్తుకుని తూకం ఎక్కితే 2 కిలోల 600 గ్రాములు తేలింది. ఇప్పుడు 3 కిలోల 100. తిండి లేని పిల్ల పెరుగుతుందా?

మా ఆవిడ: ఒప్పుకున్నా. పూటకి 40 గ్రాములే, నానబెట్టి పెడతా. అయితే మీరు కూడా వినాలి. బరువు పెరుగుతూ, గంతులేస్తూ గిన్నె వదిలేస్తే అది గారం. డల్‌గా పడుకుని, వాంతులో రక్త విరేచనాలో అయితే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. అప్పుడు ఇడ్లీ పెట్టి చూద్దాం అనకూడదు, ఆ గంటలోనే హాస్పిటల్‌కి. ఇంత చిన్న జాతి పిల్ల వరసగా రెండు పూటలు ఏమీ ముట్టకపోయినా డాక్టర్‌కి ఫోన్ చేయాలి, రక్తంలో చక్కెర పడిపోతుంది.

నాన్న: అంటే నీ పదిహేను నిమిషాల చట్టానికి కూడా హద్దుందన్నమాట.

మా ఆవిడ: ఉంది. మీ నెయ్యికే లేదు.

పలుకులు నానాయి. గిన్నె కింద పెట్టి, మా ఆవిడ గోడ గడియారం చూసింది. జున్ను వచ్చి వాసన చూసింది. పైన తేలిన నీళ్లు నాలుగు గతుకులు తాగింది, రెండు పలుకులు నమిలింది, తలెత్తింది. అక్కణ్ణుంచి నేరుగా నాన్న దగ్గరికెళ్లి, పంచె మడతలో దాచిన కుడిచేతికి ముక్కు ఆనించింది.

మా ఆవిడ: మామయ్యా, చెయ్యి చూపించండి.

నాన్న: ఇంకా తొమ్మిది నిమిషాలుంది కదమ్మా. ముందు దాన్ని తిననీ.