అర్థం కాని ఇంగ్లిష్ రాతకు మూల్యం చెల్లించేదెవరు?

ఇంగ్లిష్ రాతలో జార్గన్ మీద, అంటే మామూలు పాఠకుడికి అర్థం కాని పదజాలం మీద, ఎవరు ఫిర్యాదు చేసినా, ముందుగా పెద్ద పెద్ద పదాల మీదే పడతారు. నాకు వాటితో పేచీ లేదు. ఒక సర్జన్ మరో సర్జన్‌కు రాసే నోట్‌లో లాటిన్, గ్రీకు పదాలుంటే పని త్వరగా అవుతుంది, పొరపాటుకు తావు తగ్గుతుంది. విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ కోసం 1980లలో రూపొందిన సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ సంగతే చూడండి. అందులో వీలైనంతవరకు ఒక పదానికి ఒకే అర్థం. 'క్లోజ్' అంటే మూయడమే, 'దగ్గర' అనే అర్థంలో వాడకూడదు. ఇంగ్లిష్ సొంత భాష కాని మెకానిక్ కూడా తికమక పడకూడదని పెట్టుకున్న నియమాలివి. ఇలాంటి కట్టుదిట్టమైన పరిభాష ప్రాణాలు కాపాడుతుంది.

చూడ్డానికి మామూలుగా ఉండి, ఏమీ చెప్పకుండా జారుకునే మాటలే నన్ను భయపెడతాయి. 2003 జనవరిలో కొలంబియా స్పేస్ షటిల్ నింగికి ఎగిరినప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కను కొట్టింది. నష్టం ఎంతో అంచనా వేసిన ఇంజినీర్లు నాసాకు కొన్ని స్లైడ్లు చూపించారు. వాటిలో ఒకదాని మీద 'సిగ్నిఫికెంట్' (గణనీయమైన) అనే మాట వేర్వేరు రూపాల్లో ఐదుసార్లు ఉంది. ఎంత అన్నది మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. శీర్షిక ధైర్యం చెబుతున్నట్టుంది. అసలు విషయం అట్టడుగున ఉంది: రెక్కను తాకిన ముక్క, అంతకుముందు పరీక్షల్లో వాడిన ముక్క కంటే పరిమాణంలో 640 రెట్లు పెద్దది. అంటే ఆ పరీక్షల ఫలితాలు ఇక్కడ పెద్దగా పనికిరావు. ఈ ఒక్క వాక్యం పైన రాసి ఉంటే గదిలో టెన్షన్ పుట్టేది. ఫిబ్రవరి 1న షటిల్ తిరిగొస్తూ ముక్కలైంది, ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. ప్రమాదానికి ఆ స్లైడ్ ఒక్కటే కారణమనడం అన్యాయం. కానీ దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఆ స్లైడ్‌ను ప్రత్యేకంగా తప్పుపట్టింది.

కంపెనీల భాషలో ఇదే జబ్బు ఇంకో రూపంలో కనిపిస్తుంది. మనుషుల్ని ఉద్యోగాల్లోంచి తీసేస్తూ 'రైట్‌సైజింగ్', అంటే సరైన సైజుకు తేవడం, అని రాస్తారు. ఆ మాటలో తీసేసినవాడూ కనిపించడు, పోయినవాడూ కనిపించడు. ఇది రాయడం చేతకాక చేసే పని కాదు, కావాలనే చేస్తున్నారని నా నమ్మకం.

ఇక 'చట్టపరమైన విషయం, ఇలాగే రాయాలి' అనే వాదన. ఇది ఎప్పుడో వీగిపోయింది. న్యూయార్క్‌లోని ఫస్ట్ నేషనల్ సిటీ బ్యాంక్ 1975లోనే తన అప్పు పత్రాన్ని 'నేను', 'మీరు' అంటూ మామూలు ఇంగ్లిష్‌లోకి మార్చింది. వినియోగదారుల ఒప్పందాలు తేలిక భాషలో ఉండాలన్న న్యూయార్క్ రాష్ట్ర చట్టం 1978లో అమల్లోకి వచ్చింది.

అయినా జార్గన్ ఎందుకు తగ్గలేదు? అర్థం కాకపోతే నష్టపోయేది చదివేవాడే గానీ రాసినవాడు కాదు కాబట్టి. ప్రభుత్వ పత్రాలు ప్రజలకు అర్థమయ్యేలా రాయాలని అమెరికా 2010లో ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ తెచ్చింది. మంచి చట్టమే. కానీ నిబంధనల పాఠాలకు, అంటే రెగ్యులేషన్లకు, అది వర్తించదు. ఏదైనా శాఖ ఆ చట్టాన్ని పాటించకపోతే పౌరుడు కోర్టుకు వెళ్లే వీలు కూడా అందులో లేదు. కనీసం ఆ హక్కయినా ఇవ్వాలి.