మైసూర్ పాక్ బాకీ

ముందే చెప్పేస్తున్నా, ఇచ్చిన బోనస్ వెనక్కి లాక్కునే రకం మనిషిని కాదు నేను. నిన్న పొద్దున ఏడూ నలభైకి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర స్కూలు బస్సు కోసం నిలబడ్డ అమ్మానాన్నలు పది పదిహేను మంది ఉన్నారు. వాళ్లలో ఒక్కొక్కరినీ పట్టుకుని ఈ మాట చెప్పే ఓపిక లేక రాస్తున్నా.

మాది బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు. చట్టం పుణ్యమా అని కాన్పుకి 26 వారాల సెలవు దొరికింది. 27వ వారం నుంచి మా పాప చింతామణి ఊరి నుంచి వచ్చిన ఒక ఆవిడ చేతుల్లో పెరుగుతోంది. యాభై మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ఆఫీసులో పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో సవరణ తెచ్చారు కదా, మా ఆఫీసులోనూ ఉంది. కాకపోతే ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో అక్కడికి చేరేలోపు పాపకి ఇంకో రెండు పళ్లు వచ్చేస్తాయి. ఆవిడని నేను అక్కా అంటాను, పాప అవ్వా అంటుంది. నలభై ఆరేళ్లకే అవ్వ అనిపించుకోవడం ఆవిడకి ఇష్టం లేదు గానీ, ఏడాదిన్నర పిల్లతో వాదన పెట్టుకుని గెలిచినవాళ్లు ఎవరున్నారు?

దీపావళికి ఎంత ఇవ్వాలన్నది మా ఇంట్లో రెండు రాత్రుల చర్చ. మా ఆయన 1965 నాటి బోనస్ చట్టం తీశాడు. ఏడాది జీతంలో కనీసం 8.33 శాతం. అది ఇరవై మంది పనిచేసే చోట వర్తిస్తుందట. మా ఇంట్లో పనిచేసేది ఆవిడ ఒక్కతే, నన్ను కలిపితే ఇద్దరం. ఆయన్ని నేను కలపలేదు. "చట్టం మనకి వర్తించదు, కానీ లెక్క బాగుంది" అన్నాడు. 8.33 అంటే పన్నెండో వంతు, అంటే నెల జీతం, అంటే 18,000. ఆయన కాలిక్యులేటర్ మాత్రం 17,993 చూపించింది. ఆ ఏడు రూపాయల దగ్గర మా కాపురం కాస్త ఊగింది. చివరికి మా అత్తగారు ఫోన్లో "శుభమా అని ఇస్తూ సున్నాలేంట్రా, నూట పదహారు కలపండి" అని తీర్పు చెప్పారు. 18,116. తీరా కొన్న కవరు మీద రూపాయి బిళ్ల అతికించి ఉంది. దాంతో 117 అవుతుందని మా ఆయన లోపల ఒక రూపాయి తగ్గించాడు. ఇలాంటి మనిషితో నేను ఏడేళ్లుగా ఉంటున్నాను.

కవరు, కిలో నేతి మైసూర్ పాక్, మైసూర్ సిల్క్ కాదు గానీ దూరం నుంచి అలా కనిపించే ఒక చీర. పండగ ముందు రోజు సాయంత్రం బొట్టు పెట్టి అన్నీ ఇచ్చాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను, పాప చీర నమిలింది. అంతా బాగానే ఉంది.

పది నిమిషాలకి గేటు నుంచి ఫోన్. "మేడమ్, గేట్ పాస్."

మా అసోసియేషన్ రూలు ఒకటుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లు ఏ వస్తువు బయటికి తీసుకెళ్లినా యాప్‌లో గేట్ పాస్ ఉండాలి. మా ఎదురింటాయన మొన్న ఏకంగా ఫ్రిజ్ కారెక్కించుకుని వెళ్లాడు, ఒక్కడూ అడగలేదు. పనిమనిషి చేతిలో టిఫిన్ డబ్బా కనబడితే మాత్రం మూత తీయిస్తారు. ఈ రూలుకి మీటింగులో చేతులెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. నా ఎత్తిన చేతిలో సమోసా ఉందన్నది నిజం. "సమోసా ఇంకోటి కావాలి" అని ఎత్తానా, రూలు కావాలని ఎత్తానా అన్నది నాకే గుర్తు లేదు. లెక్కలో మాత్రం వేసుకున్నారు.

అప్పటికే ఆఫీసు కాల్‌లో ఉన్నాను. ఒక చెవిలో క్లయింటు, ఒక చేతిలో యాప్. వస్తువు రకం ఏంటని అడిగింది. ఫర్నిచర్, ఎలక్ట్రానిక్స్, గ్యాస్ సిలిండర్, ఇతరాలు. ఇతరాలు నొక్కాను. మైసూర్ పాక్ 1, చీర 1, కవరు 1. సబ్మిట్. అక్క వెళ్లిపోయింది. క్లయింటు కూడా వెళ్లిపోయాడు.

నరక చతుర్దశి, అమావాస్య, బలిపాడ్యమి. మూడు రోజులు ఆవిడకి సెలవు, నాకు నరకం. వాటి గురించి చెప్పను.

నిన్న పొద్దున మళ్లీ ఫోన్. "మేడమ్, మీ ఆయా ఎంట్రీ బ్లాక్. సామాన్ వాపస్ నహీ ఆయా." ఆ వాక్యంలో రెండు ఆయాలు విని, ఏ ఆయా రాలేదో అర్థం కాక, నైటీ మీద చున్నీ వేసుకుని, పాపని చంకనేసుకుని కిందికి పరిగెత్తాను.

గేటు దగ్గర దృశ్యం ఇదీ. సెక్యూరిటీ బల్ల. మామూలుగా దాని మీద రిజిస్టరు, తాడు కట్టిన పెన్ను ఉంటాయి. నిన్న వాటి పక్కన నేనిచ్చిన చీర ఉంది. ఫాల్ కుట్టించి ఉంది. జాకెట్టు ముక్క కత్తిరించి కుట్టేసిన జాకెట్టు పక్కనే మడతపెట్టి ఉంది. దాని పక్కన స్వీటు పెట్టె. దాని పక్కన కవరు. గార్డు ఒక్కోటీ ఎత్తి ఫోన్లో ఫొటోతో సరిపోల్చుకుంటున్నాడు, పెళ్లిలో సారె సామాను లెక్కపెట్టే మగపెళ్లివారి పెద్దమ్మలాగా. అవతల గ్రిల్లు పట్టుకుని అక్క. ఇవతల నుంచి పాప "అవ్వా" అని చేతులు చాస్తోంది. జైలు ములాఖత్ ఇంతకన్నా నయం. బస్సు స్టాపులో ఉన్నవాళ్లందరూ ఫోన్లు చూసుకుంటున్నట్టు నటిస్తూ మమ్మల్నే చూస్తున్నారు.

సంగతి అప్పుడు తెలిసింది. ఆ ఫారంలో "రిటర్నబుల్", "నాన్ రిటర్నబుల్" అని రెండు గడులున్నాయట. నేను ముట్టుకోకపోతే దానంతటదే "రిటర్నబుల్" పడుతుందట. మైసూర్ పాక్‌ని రిటర్నబుల్ కింద వేసిన ఇంజినీరు ఎవరో, జీవితంలో ఒక్క ముక్కయినా తిన్నాడో లేదో నాకు తెలియదు. గడువు దాటగానే యాప్ అక్కకి ఇంగ్లీషులో మెసేజ్ పంపింది. పీయూసీ, అంటే మన ఇంటర్, చదివే వాళ్ల అబ్బాయి చదివి "మేడమ్ అన్నీ వాపసు అడుగుతాండారు" అని చెప్పాడు.

"అడిగితే నోటితో అడగొచ్చు కదమ్మా, మిషన్‌తో ఏల అడగాల" అంది అక్క, గ్రిల్లు సందులోంచి. "మైసూర్ పాక్ మా పిల్లోళ్లు తినేసిరి. దానికి బదులు కొత్తది కొనుక్కొస్తి. దుడ్డు ఫీజుకి కట్టేస్తిమి. నెలకింత జీతంలో పట్టుకోండి."

కవరు తీసి చూశాను. ఖాళీ. పైన రూపాయి బిళ్ల మాత్రం అలాగే అతికి ఉంది. నాకు ఏడుపు, నవ్వు, నైటీ జేబులో ఫోను మోత, మూడూ ఒకేసారి వచ్చాయి. "అక్కా, నేను అడగలేదక్కా, గడి మారిపోయింది" అన్నాను. గడి ఏంటో ఆవిడకి తెలియదు. "అట్లనే" అంది. ఆ "అట్లనే"లో నమ్మకం పావు వంతు కూడా లేదు.

ఎంట్రీ తెరుచుకోవాలంటే వస్తువులు ముట్టినట్టు ఓటీపీ చెప్పాలి. ఓటీపీ మా ఆయన నంబరుకి వెళ్తుంది. మా ఆయన స్నానాల గదిలో ఉన్నాడు. ఆయన స్నానం సంగతి ఇంకో రోజు రాస్తా. ఆ పావుగంటా ఏం చేయాలో తోచక, మొహమాటం కప్పిపుచ్చుకోవడానికి కొత్త పెట్టె విప్పి గార్డులకి మైసూర్ పాక్ పంచాను. ఆశపడి తిన్నారు పాపం, పన్నెండు గంటల డ్యూటీ వాళ్లది. స్టాపులో ఒకావిడ "బోనస్ వెనక్కి తీసుకున్నారా?" అని అడగలేదు గానీ, పక్కావిడతో "ఈ రోజుల్లో అందరికీ కష్టంగానే ఉంది" అంది.

సాయంత్రం అక్క వెళ్లేటప్పుడు చీర, జాకెట్టు, స్వీటు పెట్టె మళ్లీ బలవంతంగా చేతిలో పెట్టాను. స్వీటుకి ఆవిడ పెట్టిన డబ్బు కూడా. మళ్లీ గేట్ పాస్. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని, కాల్ కట్ చేసి, "నాన్ రిటర్నబుల్" మీద గట్టిగా నొక్కాను. కింద ఇంకో ప్రశ్న ఊడిపడింది: వస్తువు ఎందుకు వదిలేస్తున్నారు? పాతబడింది, పాడైంది, విరిగింది. మూడే. చీర పాతబడిందంటే అక్క ఊరుకోదు. మైసూర్ పాక్ విరిగిందనొచ్చేమో గానీ, చీర కూడా విరగాలి. "పాడైంది" నొక్కి సబ్మిట్ చేశాను.

రెండు నిమిషాలకి గేటు నుంచి ఫోన్. గార్డు గొంతు వణుకుతోంది.

"మేడమ్... మిఠాయి ఖరాబ్ థా? సుబహ్ మైనే తీన్ పీస్ ఖాయా."