‘నైట్’ కట్టుకథ అనే వాదనకు జవాబు

నాజీల శిబిరాల్లో కుర్రాడిగా తాను పడ్డ నరకం గురించి యూదు రచయిత ఎలీ వీజెల్ రాసిన ‘నైట్’ మీద ఒక వాదన ఏళ్ల తరబడి నెట్‌లో తిరుగుతోంది. అమెరికా స్కూళ్లలో ఈ పుస్తకం పాఠంగా చదివే పిల్లల్లో మన తెలుగు పిల్లలూ ఉన్నారు కాబట్టి అది మన ఇళ్లకూ చేరుతుంది. ఆ వాదన ఇదీ: “రచయిత వయసే తప్పు. యిడ్డిష్‌లో (తూర్పు యూరప్ యూదుల భాష) ఒక ముగింపు, ఫ్రెంచ్‌లో మరొకటి. పసిపిల్లల్ని పడేశారన్న మంటల గుంటలు కల్పన. నవలను చరిత్ర అని చెప్పి క్లాసులో పిల్లల్ని ఏడిపిస్తున్నారు.”

వయసు సంగతి ముందు చూద్దాం. వీజెల్ 1928 సెప్టెంబరు 30న సిగెట్ పట్టణంలో పుట్టాడు. అక్కడి యూదుల్ని 1944 మేలో శిబిరాలకు రైళ్లెక్కించారు. అంటే అప్పటికి అతనికి పదిహేనేళ్లు నిండి ఏడు నెలలు దాటాయి. 1960 నాటి ఇంగ్లిష్ అనువాదంలో మాత్రం పదిహేను ఇంకా నిండలేదన్నట్టు ఉంది. 2006లో ఆయన భార్య మారియన్ చేసిన కొత్త అనువాదంలో దాన్ని సరిదిద్దారు. జరిగింది అంతే, గోరంతను కొండంత చేశారు. క్లాసులో రెండు అనువాదాల్లోని ఆ వాక్యాలూ, పుట్టిన తేదీ బోర్డు మీద రాసి లెక్క పిల్లల చేతే కట్టించండి. అయిదు నిమిషాల పని.

ఆ తర్వాత బిర్కెనావ్‌లో, అంటే ఆష్విట్జ్‌లోని చంపుడు శిబిరంలో, దిగిన రాత్రికి రండి, నిలబడాల్సింది అక్కడ. ఒక ఖైదీ వచ్చి కుర్రాణ్ణి వయసు అడుగుతాడు. పదిహేను అంటే, కాదు, పద్దెనిమిది అని చెప్పు అంటాడు. తండ్రి యాభై అంటే, కాదు, నలభై అంటాడు. కాసేపటికి, ఎవరు బతకాలో తేల్చే నాజీ డాక్టరు మెంగెలె ముందు నిలబడ్డప్పుడు ఆ కుర్రాడు పద్దెనిమిది అనే చెబుతాడు. చదువుకుంటున్నానని చెప్పడానికి భయపడి, రైతునంటాడు. చిన్నపిల్లల్నీ ముసలివాళ్లనీ నేరుగా గ్యాస్ గదులకు పంపేవారు. పనికొచ్చే ఒళ్లు ఉన్నవాళ్లకే ఇంకొన్నాళ్ల బతుకు. ఆ ఖైదీ అలా ఎందుకన్నాడో టీచరు చెప్పేయకూడదు. తర్వాతి పేజీలు చదివి పిల్లలే పట్టుకోవాలి.

ఇక రెండు ముగింపులు. యిడ్డిష్ పుస్తకం 1956లో బ్యూనస్ ఎయిరీస్‌లో వచ్చింది, 245 పేజీలు. 1958లో పారిస్‌లో వచ్చిన ఫ్రెంచ్ పుస్తకం అంతకంటే బాగా చిన్నది. ఫ్రెంచ్‌లో, విడుదలయ్యాక అతను అద్దంలో చూసుకుంటాడు, లోపలి నుంచి ఒక శవం తనవైపు చూస్తుంది. కథ అక్కడితో ఆగుతుంది. యిడ్డిష్‌లో ఆ అద్దాన్ని పిడికిలితో పగలగొడతాడు. పదేళ్లకే లోకం మరిచిపోయిందని, యుద్ధ నేరస్థులు జర్మనీ వీధుల్లో తిరుగుతున్నారని మండిపడతాడు. ఇదేమీ దాచిన రహస్యం కాదు, 2006 ముద్రణ ముందుమాటలో వీజెలే ఈ ముగింపును ఎత్తి రాశాడు. తనతోపాటు బతికి బయటపడ్డ సొంత జనానికి చెప్పే మాట వేరు, ఆ నరకం ఎరగని పాఠకుడికి చెప్పే మాట వేరు. మనిషి ఒకడే, సంఘటనలు అవే. రెండు ముగింపుల్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎవరితో మాట్లాడుతోందని అడిగితే ఒక పీరియడ్ సరిపోదు.

మంటల గుంటల మాట మరీ ఘోరం. 1944 మే 15 నుంచి జులై 9 వరకు హంగరీ నుంచి దాదాపు 4,40,000 మంది యూదుల్ని తరలించారు, వాళ్లలో ఎక్కువమంది వెళ్లింది బిర్కెనావ్‌కే. శ్మశాన కొలుములు చాలక, అయిదో నంబరు కొలిమి దగ్గర ఆరుబయటే గుంటల్లో కాల్చారు. ఆగస్టులో సోండర్‌కమాండో ఖైదీలు (శవాల్ని కాల్చే పని బలవంతంగా చేయించినవాళ్లు) దొంగచాటుగా తీసిన ఫొటోల్లో రెండు ఆ దృశ్యాలే. ఫొటోలు గుంటల్ని రుజువు చేస్తాయి, పసిపిల్లల్ని పడేయడాన్ని కాదు. దాని గురించి పోలిష్ ఖైదీ సెవెరినా ష్మగ్లెవ్‌స్కా 1946 ఫిబ్రవరిలో, నాజీ నేతల్ని విచారించిన న్యూరెంబర్గ్ కోర్టులో సాక్ష్యం చెప్పింది: పిల్లల్ని గ్యాస్ పెట్టకుండానే కొలుముల్లోకో పక్కనున్న గుంటలోకో విసిరేయమన్నారని. వీజెల్ పుస్తకానికి అది పదేళ్ల ముందు మాట. ఈ ఫొటోలు మాత్రం పిల్లలకు చూపించొద్దు. ఏమున్నాయో మాటల్లో చెబితే చాలు.

నవలా అంటే, కాదు. పదేళ్ల తర్వాత గుర్తుచేసుకున్న సంభాషణలు అక్షరం పొల్లు పోకుండా ఉంటాయని ఎవరూ అనరు. కానీ ఊరు, తేదీ, శిబిరం, చావు, అన్నీ బయటి ఆధారాలతో సరిచూసుకోగలిగినవే.

ఏడిపించడం గురించి అన్నదాంట్లో కొంత నిజముంది, కానీ తప్పు పుస్తకానిది కాదు. నాజీలు యూదుల చేత పెట్టించినట్టు పిల్లలకు పసుపు నక్షత్రాలు కట్టించడం, గదిలో కిక్కిరిసి నిలబెట్టి రైలు పెట్టె అనుకోమనడం కొన్నిచోట్ల జరుగుతుంది. వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల మారణహోమం) మ్యూజియం సూచనలు ఇలాంటివి వద్దనే చెబుతాయి. పిల్లలకు అది ఆటైపోతుంది, లేదా భయమైపోతుంది. రెండింట్లోనూ ‘మాకు తెలిసిపోయింది’ అనే భ్రమ మిగులుతుంది.

దానికి బదులు, పుస్తకం తెరవకముందు ఒక పీరియడ్ మ్యాపుకి ఇవ్వండి. సిగెట్ 1940లో రుమేనియా నుంచి హంగరీ చేతికి వెళ్లడం, 1944 మార్చి 19న జర్మన్ సైన్యం హంగరీలోకి రావడం, యూదుల్ని విడిగా బంధించిన ఘెట్టో, మేలో రైళ్లు. ఇవి తెలియకపోతే మొదటి రోజే ‘ఎందుకు పారిపోలేదు?’ అనే ప్రశ్న వచ్చి క్లాసంతా దానిచుట్టే తిరుగుతుంది. తర్వాత చదివిస్తూ తండ్రీకొడుకుల మధ్య చేతులు మారే వస్తువుల్ని నోటుబుక్కులో రాయించండి. తనను చావుకే ఎంపిక చేశారనుకున్న తండ్రి, కొడుకు చేతిలో ఒక కత్తి, ఒక చెంచా పెడతాడు, ఆస్తి పంచినట్టు. ఆ పేజీ గట్టిగా చదివాక రెండు నిమిషాలు ఏమీ అడక్కండి.