తాతను చూపించు, చెవికి తగిలించు

వినికిడి పరీక్ష యంత్రాన్ని కొత్తగా తయారుచేసి అమెరికాలో అమ్మదలచిన వారికి మొదటి సలహా: అది కొత్తదని పొరపాటున కూడా అనకండి. వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వారి 510(కె) అనే దరఖాస్తు మార్గంలో నెగ్గేది ప్రతిభ కాదు, పోలిక. ఇప్పటికే చట్టప్రకారం అమ్ముడవుతున్న ఒక పరికరాన్ని చూపించి, దానికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదని కాగితాల కట్టలతో నిరూపించాలి. తేడా ఉంటే, దానివల్ల కొత్త ముప్పేమీ లేదని ఇంకో కట్ట. ఆ పాతది కూడా బహుశా తనకంటే పాతదాన్ని చూపించే గడప దాటి ఉంటుంది. ఇలా పైపైకి పోతే చాలాసార్లు 1976 మే 28 నాటికే మార్కెట్లో ఉన్న ఒక ఆదిపురుషుడి దగ్గర తేలుతాం. ఆయనను ఎవరు పరీక్షించారని అడగడం మర్యాద కాదు. వైద్య పరికరాల చట్టం వచ్చేనాటికి ఆయన ఉన్నాడు, అంతే. సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు తిరగేసి, పిల్లవాడు ఏం చేస్తాడో అడగడం మరిచిపోయే పెద్దలు ఈ పద్ధతిని వెంటనే మెచ్చుకుంటారు. తయారీదారు స్వచ్ఛందంగా వెనక్కి పిలిపించుకున్న పరికరం సైతం తాతగా పనికొస్తుంది మరి!

మామూలు ఆడియోమీటరుకు ఈ వంశవృక్షం బాధ కూడా లేదు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ (ఆన్సీ) వారి ఎస్3.6 ప్రమాణానికి లోబడి ఉంటే 510(కె) దరఖాస్తు అక్కర్లేదు. ఇందులో మనిషి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. వినపడకపోయినా నొక్కవచ్చు, వినపడినా ఊరుకోవచ్చు. అదే నిబంధన ఓటోఅకౌస్టిక్ ఎమిషన్ పరికరానికి మాత్రం మినహాయింపు ఇవ్వలేదు. అది మనిషిని ఏమీ అడగదు. చెవిలోకి చిన్న శబ్దం పంపి, లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియా తిరిగి వెలువరించే సన్నని ధ్వనిని పట్టుకుంటుంది. ఆ ధ్వని సంగతి 1978లో డేవిడ్ కెంప్ బయటపెట్టాకే, మీట నొక్కడం తెలియని పసికందులను కూడా ఇలా పరీక్షించే దారి తెరుచుకుంది. మనిషి మాట నమ్మే యంత్రం దర్జాగా లోపలికి, ఆ మాటతో పనిలేనిది దరఖాస్తు పట్టుకుని వరుసలోకి. నిజం చెప్పాలంటే ఇది సబబే. యంత్రం తప్పుగా ‘పాస్’ అంటే పసిబిడ్డ అభ్యంతరం చెప్పలేదు కదా. వ్యంగ్యం రాసేవాడికి ఇటువంటి సబబులు మహా చికాకు.

తాత లేని పరికరాలకు డీ నోవో అనే మరో ద్వారం ఉంది. ఇయర్‌బడ్లను వినికిడి సాధనాలుగా మార్చే ఆపిల్ సాఫ్ట్‌వేర్ 2024 సెప్టెంబరులో అలాగే వచ్చింది. అలా అనాథగా అడుగుపెట్టినది మరునాటి నుంచి ఇతరులకు తాత కావచ్చు.

ఈ మార్గం పోలిక తేలుస్తుందే తప్ప భద్రతను కాదని, దీని బదులు వేరొకటి తెమ్మని 2011లో అమెరికాలోని వైద్య సలహా సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక ఇచ్చింది. అడిగింది ఎఫ్‌డీఏయే. శబ్దం స్పష్టంగానే పంపారు, మీట మాత్రం నొక్కలేదు. ఒక చెవి వినపడదని నటించేవారిని పట్టుకునే స్టెంగర్ పరీక్ష వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టుల దగ్గర ఉంది. దాన్ని ప్రభుత్వ సంస్థలకు వాడే యంత్రాన్ని ఎవరైనా తయారుచేయవచ్చు గానీ, దానికి తాతను వెతకడమే కష్టం.