చక్రం కింద గులకరాయి

స్కేట్‌బోర్డు చక్రం చిన్నది. వీధుల్లో, పార్కుల్లో వాడేవి చాలావరకు 52 నుంచి 54 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి. పైగా గట్టివి. సైకిల్ చక్రమైతే దారిలో ఉన్న గులకరాయిని ఎక్కి దిగిపోతుంది. దీనికి ఆ వీలు లేదు. బఠాణీ గింజంత రాయి అడ్డుపడినా బోర్డు ఠక్కున ఆగిపోతుంది. దాని మీదున్న మనిషి మాత్రం ఆగడు, అరచేతులు ముందుకు చాచి నేల మీద పడతాడు. మణికట్లు విరిగేది ఇలాగే.

అందుకే స్కేటర్లు చేరే మంచి చోట ఎక్కడైనా బోర్డుల కంటే ముందు చీపురు బయటికొస్తుంది. వాన పడిన మర్నాడు పాత తువ్వాళ్లు కూడా వస్తాయి. చెక్క నీళ్లు తాగితే డెక్, అంటే కాళ్లు పెట్టే పలక, బిగువు పోతుంది, బేరింగులు తుప్పు పడతాయి, తడి కాంక్రీటు మీద చక్రం జారుతుంది. ఈ ఊడ్చే పనికీ తుడిచే పనికీ ఎవరూ జీతమివ్వరు. ఎవరి వంతు ఎప్పుడో రాసిపెట్టిన కాగితమూ ఉండదు. అయినా ఆ పని రోజూ సాగుతున్న చోట ఒక బృందం ఉన్నట్టు లెక్క. సాగని చోట ఉన్నది బోర్డులు కొనుక్కున్న కొందరు మాత్రమే.

పత్రికలు స్కేట్‌బోర్డింగ్ గురించి రాసేది సాధారణంగా రెండు సందర్భాల్లో. ఒలింపిక్ పతకాలు వచ్చినప్పుడు, లేదంటే చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేసినప్పుడు. ఈ రెండింటికీ మధ్య ఏడాది పొడవునా జరిగే పని ఎవరికీ వార్త కాదు. ఆ పని గురించే ఇవాళ రాస్తున్నాం.

ముందు ఫిర్యాదుల సంగతి. వాటిలో నిజం లేకపోలేదు. చెక్క బోర్డు నేలకు కొట్టుకునే చప్పుడు మధ్యాహ్నం కునుకు తీసేవారికి నరకమే. మెట్ల అంచుల మీద, అరుగుల మీద ట్రక్కుల, అంటే చక్రాలను బోర్డుకు బిగించే ఇరుసుల, లోహం గీసుకుంటూ పోతుంది. జారడానికి అంచులకు మైనం రాస్తారు, రాయి నల్లబడుతుంది, మూలలు పెచ్చులూడతాయి. దానికి అధికారుల జవాబు కూడా అందరూ చూసిందే. అరుగు అంచున జానెడు జానెడు దూరంలో ఇనుప ముక్కలు బిగించి వెళ్లిపోతారు. వాటిని స్కేట్ స్టాపర్లంటారు. మర్నాటి నుంచి ఆ అరుగు మీద స్కేటరే కాదు, నడిచి నడిచి అలసిన ముసలాయన కూడా సుఖంగా కూర్చోలేడు. పిల్లలు మాత్రం పక్క వీధికి మారతారు. చప్పుడు ఎక్కడికీ పోలేదు, చిరునామా మారిందంతే.

ఇలా తరిమేయడం ఈ ఆటకు కొత్తేమీ కాదు. 1950లలో కాలిఫోర్నియా అలల మీద ఆడేవాళ్లు అలలు లేని రోజుల కోసం చెక్కకు చక్రాలు తగిలించినప్పటి నుంచీ ఇదే కథ. 1960ల మధ్యకల్లా అమెరికాలో చాలా నగరాలు నిషేధించాయి. 1970ల తొలినాళ్లలో యూరిథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ చక్రాలు వచ్చి ఆటకు మళ్లీ ప్రాణం పోశాయి. ఆ దశాబ్దం మధ్యలో కరువొచ్చి ఈతకొలనులు ఎండితే పిల్లలు గోడలు దూకి ఆ ఒంపుల్లో ఆడుకున్నారు. డబ్బు పెట్టుబడిగా పెట్టి కట్టిన పార్కులేమో బీమా భారం మోయలేక వరసగా మూతపడ్డాయి. నార్వే అయితే 1978 నుంచి 1989 దాకా స్కేట్‌బోర్డును దేశమంతటా నిషేధించింది. అంతకాలం అక్కడి పిల్లలు అడవుల్లో ర్యాంపులు దాచుకుని ఆడారు.

ఇన్నిసార్లు చోటు పోగొట్టుకున్నవాళ్లకు ఒక సంగతి బాగా ఒంటబట్టింది: చోటు ఎవరూ ఇవ్వరు, మనమే చేసుకోవాలి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బర్న్‌సైడ్ వంతెన కింద 1990లో జరిగింది అదే. వానలెక్కువ పడే ఊరు, పైకప్పున్న చోటు కావాలి. కొందరు స్కేటర్లు కాంక్రీటు కలిపి వంతెన గోడ మొదట్లో ఒక ఒంపు పోశారు. ఎవరినీ అనుమతి అడగలేదు. అది నిలబడింది కాబట్టి పక్కన ఇంకొకటి పోశారు. అంతవరకు ఆ చోటు మాదకద్రవ్యాల అడ్డా. పొద్దస్తమానం పిల్లలు తిరుగుతుంటే ఆ వ్యాపారం సాగలేదు. చుట్టుపక్కల దుకాణదారులు ఇది గమనించారు. తర్వాత నగరపాలకులు ఆ పార్కుకు ఒప్పుకున్నారంటే ఆ దుకాణదారుల మద్దతు కూడా ఒక కారణం. అక్కడ తాపీ పట్టి నేర్చుకున్నవాళ్లలో కొందరు ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో పార్కులు కట్టే వృత్తినిపుణులయ్యారు.

అనుమతి లేకుండా ప్రభుత్వ స్థలంలో కాంక్రీటు పోయమని మేం ఎవరికీ సలహా ఇవ్వడం లేదు. బర్న్‌సైడ్‌కు కలిసొచ్చింది, అలా కలిసిరాక రాత్రికి రాత్రే కూల్చివేతకు గురైనవి చాలానే ఉన్నాయి. కాని ఆ వంతెన కింద వాళ్లను గట్టెక్కించింది విన్యాసాలు కావన్నది గుర్తుపెట్టుకోవాలి. ఇరుగుపొరుగుతో మాట్లాడటం, చెత్త ఎత్తడం, అధికారులు వచ్చి అడిగితే పారిపోకుండా నిలబడి జవాబు చెప్పడం. ఈ పనుల వల్లే అది నిలిచింది.

లండన్‌లోని సౌత్‌బ్యాంక్ కథలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. థేమ్స్ ఒడ్డున ఒక కళాకేంద్రం కింద స్తంభాల నడుమ ఖాళీ చోటుంది. 1970ల నుంచీ అక్కడ స్కేటింగ్ సాగుతోంది. 2013లో ఆ చోటును దుకాణాలకు, రెస్టారెంట్లకు ఇచ్చేద్దామని ప్రణాళిక వేశారు. కావాలంటే కాస్త దూరంలో ఇంకో వంతెన కింద కొత్త చోటు కట్టిస్తామన్నారు. స్కేటర్లు ఒప్పుకోలేదు. మామూలుగా అయితే నాలుగు రోజులు గోల చేసి చల్లబడతారని అనుకుంటాం. వాళ్లేం చేశారంటే స్తంభాల పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నారు. దారిన పోయేవాళ్లను ఆపి సంతకాలు పెట్టించుకున్నారు, లక్షకు పైగా మందిని తమవైపు తిప్పుకున్నారు. నిర్మాణ ప్రణాళిక మీద వేల సంఖ్యలో అభ్యంతరాలు రాయించారు. ఆ చోటును ప్రజల ఉమ్మడి స్థలంగా గుర్తించాలని చట్టప్రకారం దరఖాస్తు పెట్టారు. 2014 సెప్టెంబరులో కళాకేంద్రమే దిగివచ్చి, ఆ చోటు స్కేటర్లకే ఉంటుందని ఒప్పందం మీద సంతకం చేసింది. ఎప్పుడో మూసేసిన కొంత భాగాన్ని కూడా విరాళాలతో బాగుచేసి 2019లో తిరిగి తెరిచారు. ఏడాదిన్నర పాటు ఎండలోనూ చలిలోనూ ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల కష్టం ఏ స్కేటింగ్ వీడియోలోనూ కనిపించదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాత్రం స్కేటర్లు ఓడిపోయారు. లవ్ పార్క్ ప్రపంచంలోని స్కేటర్లందరికీ తెలిసిన చోటు. 2002లో నగరం అక్కడ స్కేటింగ్‌ను గట్టిగా అణచివేసింది. నిరసనకు వచ్చినవాళ్లలో ఎడ్మండ్ బేకన్ ఉన్నారు. ఆ నగరానికి ఎన్నో ఏళ్లు ప్రణాళికా విభాగాధిపతిగా చేసి, ఆ పార్కు ఆలోచనకు మూలపురుషుడైన పెద్దమనిషి. తొంభై రెండేళ్ల వయసులో హెల్మెట్ పెట్టుకుని, అటొకరు ఇటొకరు పట్టుకోగా, తన పార్కులో తానే నిషేధాన్ని ధిక్కరించి బోర్డెక్కారు. అయినా నిషేధం పోలేదు. తర్వాతి కాలంలో పార్కునే తవ్వి రూపం మార్చేశారు. పెద్దల అండ ఉంటే చాలు, పని అయిపోతుందనుకునేవారు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

ఇక బృందం లోపలి సంగతులు. బయటివాళ్లతో ఇంత నెమ్మదిగా ఉండగలిగినవాళ్లే కొన్నిచోట్ల కొత్తగా వచ్చిన పిల్లల పట్ల చాలా కటువుగా ఉంటారు. ఒకరి వంతులో ఇంకొకరు దూరితే దాన్ని స్నేక్ చేయడమంటారు. పార్కులో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. కాని ఆ మాట కొత్తవాడికి ఎవరు చెప్పాలి? వంతులు ఎలా నడుస్తాయో, ఎవరు ఏ దారిలో వెళ్తున్నారో, కాలి కింద నుంచి బోర్డు జారి దూసుకుపోతే ‘బోర్డ్!’ అని ఎందుకు అరవాలో ఏ గోడ మీదా రాసి ఉండదు. చెప్పకుండానే తెలియాలని, తెలియకపోతే పక్కకు పొమ్మని కళ్లెర్రజేసే పాతకాపులు ప్రతి పార్కులోనూ ఇద్దరు ముగ్గురుంటారు. పార్కు తమ సొంతమన్నట్టు మాట్లాడతారు. వాళ్లు చేసే నష్టం స్కేట్ స్టాపర్ల కంటే తక్కువేమీ కాదు.

దీనికి పూర్తిగా ఎదురైన అలవాటు కూడా ఈ ఆటలోనే ఉంది. ఎవరైనా కష్టమైన ట్రిక్ వేస్తే చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టరు, బోర్డు తోకను నేలకేసి టకటకా కొడతారు. ఆ చప్పుడు ప్రపంచ విజేతకూ వస్తుంది, మూడు నెలలుగా పడుతూ లేస్తూ ఇవాళ మొదటి ఓలీ, అంటే బోర్డుతో సహా గాల్లోకి ఎగిరే ట్రిక్, వేసిన పదేళ్ల పిల్లకూ వస్తుంది. చాలాచోట్ల ఆ పిల్లకే కాస్త గట్టిగా వస్తుంది. 2021 ఆగస్టు 4న టోక్యో ఒలింపిక్స్ మహిళల పార్క్ ఫైనల్‌లో చివరి ప్రయత్నంలో కింద పడి, పతకం పోగొట్టుకుని, ఏడుస్తూ వస్తున్న పదిహేనేళ్ల మిసుగు ఒకమోటోను పోటీపడినవాళ్లే ఎదురెళ్లి భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ పోటీలో రజతం గెలిచిన అమ్మాయికి పన్నెండేళ్లు, కాంస్యం గెలిచిన అమ్మాయికి పదమూడు. టీవీలో చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. పార్కుల్లో తిరిగేవాళ్లకు అది మామూలు సాయంత్రమే.

అమ్మాయిల విషయంలో ఆ మామూలు సాయంత్రం ఇంకా అన్నిచోట్లా రాలేదు. అబ్బాయిలు ఇరవై మంది నిలబడి చూస్తుంటే మొదటిసారి ర్యాంప్ అంచు నుంచి దిగడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఊరికే ‘ఎవరైనా రావచ్చు’ అంటే సరిపోదు, వాళ్లకంటూ నియమాలూ వేళలూ కావాలి. మధ్యప్రదేశ్‌లోని జన్వార్ అనే పల్లెలో 2015లో కట్టిన పార్కులో రెండే నియమాలు పెట్టారు. బడికి వెళ్లకపోతే స్కేటింగ్ లేదు. ముందు అమ్మాయిలు. 2007లో కాబూల్‌లో మొదలైన స్కేటిస్తాన్ సంస్థ అమ్మాయిలకు విడిగా తరగతులు పెట్టింది, ఆటను చదువుకు ముడిపెట్టింది. పెద్ద నగరాల్లో అన్ని వసతులతో ఉన్న పార్కులు ఈ చిన్న నియమాలను ఎందుకు పెట్టుకోలేకపోతున్నాయో మాకు అర్థం కాదు. వారంలో రెండు గంటలు కొత్తవాళ్లకు, రెండు గంటలు అమ్మాయిలకు వదిలితే పాతవాళ్ల ట్రిక్కులు తుప్పు పట్టవు.

హెల్మెట్ గురించి ఒక మాట. పార్కులో అందరికంటే బాగా ఆడేవాడు హెల్మెట్ లేకుండా తిరిగితే ఎనిమిదేళ్ల పిల్లాడు అమ్మ పెట్టిన హెల్మెట్‌ను గేటు దగ్గరే తీసేస్తాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

స్థానిక సంస్థల పని దగ్గరికి వద్దాం. ‘పిల్లలు పడితే మా మీదికి వస్తుంది’ అన్నది వాళ్లకున్న అసలు భయం. ఆ భయం వల్లే ఒకప్పుడు పార్కులు మూతపడ్డాయి. కాలిఫోర్నియా దీనికి చట్టంతోనే మందు కనిపెట్టింది. ప్రమాదం ఉందని తెలిసే ఆడే ఆటల్లో స్కేట్‌బోర్డింగ్‌ను చేర్చి, దెబ్బ తగిలినంత మాత్రాన నగరాన్ని బాధ్యుల్ని చేయకూడదంది. 1998లో అది అమల్లోకి వచ్చాక అక్కడ ప్రభుత్వ పార్కులు వేగంగా పెరిగాయి. భద్రత అంటే తాళం వేయడమేనని అనుకునేవారు ఆ చట్టాన్నొకసారి చదవాలి.

డబ్బు మంజూరైనా, ఆడేవాళ్లను అడగకుండా కట్టిన పార్కు చాలాసార్లు వృథా ఖర్చే. రోడ్లేసే కాంట్రాక్టరు ఒంపును చేత్తో చెక్కలేడు. కేటలాగు చూసి తెప్పించిన ర్యాంపులను దగ్గర దగ్గరగా బిగిస్తే, ఒకదాని మీంచి దిగి కుదురుకునేలోపే రెండోది మీదికొస్తుంది. నేల గరుకుగా ఉంటే చక్రం నడవదు. పలకల మధ్య అతుకులు ఎగుడుదిగుడుగా ఉంటే మొదట్లో చెప్పిన గులకరాయి పని అవే చేస్తాయి. బౌల్, అంటే గిన్నెలా ఒంపు తిరిగిన గుంట, అడుగున నీళ్లు పోయే దారి మరిచిపోతే అది దోమల తొట్టి. అంచున బిగించే గొట్టం, అంటే కోపింగ్, ఎంత బయటికి రావాలన్నది మిల్లీమీటర్ల లెక్క. ఇవన్నీ ఏ ఇంజనీరింగ్ పుస్తకం తిరగేయకుండానే పదిహేనేళ్ల స్కేటరు చెప్పగలడు, అడిగితే. స్వీడన్‌లోని మాల్మో నగరం అడిగింది. అంతటితో ఆగకుండా స్కేటరునే ఉద్యోగంలో పెట్టుకుని ఊళ్లోని చోట్ల బాధ్యత అప్పగించింది. స్కేట్‌బోర్డింగ్ పాఠ్యాంశంగా ఉన్న ఉన్నత పాఠశాల కూడా 2006 నుంచి ఆ ఊళ్లో నడుస్తోంది.

అడగడమంటే నోటీసు బోర్డు మీద కాగితం అంటించడం కాదు. ప్రజాభిప్రాయ సేకరణను పనిదినాన పదకొండు గంటలకు పెడితే ఆ వేళకు ఆడేవాళ్లలో సగంమంది తరగతి గదుల్లో ఉంటారు, మిగతా సగం డ్యూటీల్లో ఉంటారు. హాజరయ్యేది చప్పుడు మీద ఫిర్యాదు ఉన్న రిటైర్డ్ పెద్దలు మాత్రమే. మినిట్స్‌లో ఎక్కేదీ వాళ్ల మాటే. కాబట్టి ఆ సమావేశాన్ని సాయంత్రం ఆరు తర్వాత పెట్టాలి, వీలైతే పార్కు రావాల్సిన స్థలంలోనే పెట్టాలి. స్కేటర్లు కూడా ఆ ఒక్క పూట సెషన్ మానుకుని, బోర్డు కుర్చీ కింద పెట్టి, తమ పేరు పిలిచేదాకా ఓపిగ్గా కూర్చోవాలి. వంతు కోసం ఆగడం వాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు.